రెండు సీసాలు తేరుకునే లోపు

రెండు సీసాలనూ ఒకే గుప్పిట్లో పట్టుకుని ఊపింది, ఒకదాన్ని ఎక్కువ ఊపి ఇంకోదాన్ని తక్కువ ఊపిందనే మాట రాకుండా, లోపల మందు పాలలా తెల్లగా కలిసేదాకా ఊపి, కిటికీ పక్కన బల్ల మీద పక్కపక్కనే నిలబెట్టి చేతులు వెనక్కి తీసుకుంది. ఇక ముట్టుకోకూడదు. బల్లని కూడా ముట్టుకోకూడదు. అరగంట చూడాలి, అంతే. ఒక సీసా మెడకి ఎర్రదారం ఉంది. దాన్ని నిన్నటి నుంచి ఫ్రీజర్‌లో ఉంచి, కావాలనే గడ్డకట్టించి, పొద్దున తీసి కరగనిచ్చింది. అది చెడిపోయిందని తెలుసు, చెడగొట్టింది తనే. దారం లేనిది నిన్న టీకా పెట్టెలో ఐసుకి ఆనుకుని వచ్చింది. అది చెడిందో లేదో తెలీదు. చెడిన మందు బరువెక్కినట్టు గబగబా అడుక్కి దిగిపోతుంది, పైన నీళ్ళు తేటపడతాయి. బాగున్న మందుకి తొందర ఉండదు, చాలాసేపు పాలలాగే ఉంటుంది. దారం లేని సీసా తేరుకోవడంలో వెనకబడితే బయట బెంచీల మీద కూర్చున్న పిల్లలకి ఇవాళ టీకా ఉంటుంది. రెండూ ఒకేలా తేరుకుంటే ఉండదు. ఆ పిల్లల్లో ఆమె కూతురి కూతురు కూడా ఉంది. దానికి నెలన్నర నిండింది, ఇది మొదటి డోసు.

తలుపు అవతల గొడవగా ఉంది. ఎవరి బిడ్డో గుక్క పెడుతోంది, ఎవరో గిలక్కాయ ఊపుతున్నారు, ఎవరో ఫోన్లో ఎవరినో తిడుతున్నారు, మధ్యలో బిడ్డని ముద్దు చేస్తున్నారు, ఆ ముద్దు మాటలు కూడా ఫోన్లో అవతలివాళ్ళు వింటున్నట్టున్నారు. "సూదత్త తలుపేసుకుందేంటి?" "టీ తాగుతోందేమో." "టీ అయితే తలుపు తీసి మనకి చూపిస్తూ తాగుతుంది." నవ్వులు. చుట్టుపక్కల వీధుల్లో ఆమెని పేరు పెట్టి పిలిచేవాళ్ళు లేరు. ఎప్పుడో ఒక పిల్లాడు తల్లి వెనక్కి నక్కి సూదత్త అన్నాడు, ఆ మాట అతుక్కుపోయింది, ఇప్పుడు ఆ పిల్లాడి పిల్లలూ అదే అంటున్నారు. ఆమెకి కోపం లేదు. అత్త అన్నాక తిట్టే హక్కు కూడా వస్తుంది. బిడ్డకి జలుబని డోసు మానేసిన తల్లిని తిట్టొచ్చు, వీధిలో ఆపి మరీ తిట్టొచ్చు, అడ్డొచ్చిన మొగుణ్ణి కూడా కలిపి తిట్టొచ్చు. నర్సు తిడితే పై వాళ్ళకి ఫిర్యాదు వెళ్తుంది. అత్త తిడితే ఎవరికి చెప్పుకుంటారు?

సీసాల్లో ఇంకా ఏం లేదు. పాలూ పాలూ. కిటికీలోంచి వచ్చే వెలుతురు వాటి గుండా వెళ్ళలేక ఇవతల రెండు నీడలు పరిచింది. బజారుకి వెళ్ళినప్పుడు ఆమె కాళ్ళు ఒక్కోసారి ఆగిపోతాయి. సెలూన్‌లో ఎవరి గొంతు మీదో కత్తి ఆనించి కబుర్లు చెప్తున్న కుర్రాడికి డోసులన్నీ వేసింది తనే. బస్సు మెట్టు మీద వేలాడుతూ ఈలేసే కండక్టరుకి వేసింది తనే, వాడప్పుడు చెయ్యి కొరికాడు, ఇప్పుడు ఎదురుపడితే తొడ రుద్దుకుని చూపిస్తాడు. ఉల్లిపాయల దగ్గర బేరమాడే ఆవిడా, ఆవిడ చంకలో పిల్లా, ఇద్దరికీ. వీళ్ళందరి గొంతుల్లోంచీ గాలి పోతోంది, వస్తోంది. ఆ గాలి రాకుండా పోయే రోజులు ఉండేవని వీళ్ళకి తెలీదు. తెలియాల్సిన పనీ లేదు. నీ బతుకులో ఏం జరిగిందో చెప్పమంటే ఎవరైనా చెప్తారు. జరగనివి చెప్పమంటే ఏం చెప్తారు? బజారంతా జరగని చావులే, కూరగాయలు ఏరుకుంటూ, చిల్లర లేదని కొట్లాడుతూ, చెప్పులు తెగితే ఒంటికాలి మీద గెంతుతూ. ఆమె సంచీ పట్టుకుని అలా చూస్తూ నిలబడుతుంది. పక్కకి జరుగు పిన్నీ అని ఎవరో తోస్తారు. జరుగుతుంది.

అల్లుడు నిన్న సాయంత్రం వ్యాన్ దిగుతూనే పెట్టెని భుజానికెత్తుకుని, బహుమతి గెల్చుకున్నవాడిలా నవ్వుకుంటూ వచ్చాడు. మందుల స్టోరు నుంచి వీధుల్లో ఉన్న ఈ చిన్న చిన్న కేంద్రాలకి టీకా పెట్టెలు చేరవేయడం అతని పని. "చూడండి అత్తయ్యా, పోయినసారి దారిలో ట్రాఫిక్ ఆగిపోయి ఐసంతా నీళ్ళయిందని స్టోరాయన నన్ను ఎన్ని మాటలన్నాడో! ఈసారి ఎండ ఏం చేస్తుందో చూద్దామని పైనా కిందా పక్కలా కుక్కేశాను. మధ్యలో కూడా ఒకటి పెట్టాను. ముట్టుకోండి, ఇంకా రాయిలా ఉంది."

"చెమట పట్టనిచ్చావా?"

"ఎవరికి?"

"ఐసుకయ్యా."

"ఐసుకి చెమటేంటి అత్తయ్యా, నాకు పట్టింది చాలదా?"

ఫ్రీజర్‌లోంచి తీసిన ఐస్‌ప్యాక్‌ని వెంటనే పెట్టెలో పెట్టకూడదు. కాసేపు బల్ల మీద వదిలేయాలి. పైన చెమట పట్టాలి, చెవి దగ్గర ఊపితే లోపల నీళ్ళు కదిలిన చప్పుడు రావాలి. అప్పుడే దాని చలి మందుని చంపకుండా కాపాడే చలి అవుతుంది. ఇది అతనికి చెప్పారు. అతను విన్నాడు, తలూపాడు. కానీ అతను ఈ ఉద్యోగానికి ముందు ఐస్‌క్రీం బండి నడిపిన మనిషి. ఐస్‌క్రీంకి శత్రువు వేడి ఒక్కటే. ఎంత గడ్డకడితే అంత పేరు, కరిగితే ఆ రోజు గోవిందా. పోలియో చుక్కలు కూడా ఐస్‌క్రీం లాంటివే, గడ్డకట్టినా ఏమీ కాదు. ఈ మందు అలా కాదు. ఎండకి కొంతసేపు ఓర్చుకుంటుంది, గడ్డకడితే మాత్రం చచ్చిపోతుంది, చచ్చినట్టు పైకి తెలియనివ్వదు. పెట్టె తెరిచినప్పుడు సీసాల మీది కాగితాలు ఐసుకి అతుక్కుని ఉన్నాయి, ఒకదాన్ని లాగితే కాగితం ముక్క ఐసు మీదే ఉండిపోయింది. మంచు తాకితే చెప్పడానికి పెట్టెలో ఒక చిన్న పరికరం ఉంటుంది, అది పనిచేయడం మానేసి చాలా కాలమైంది. అతను ఆమె మొహంలోకి చూస్తూ నిలబడ్డాడు. "రేపు మన పాపకి వేసేది ఇందులోదే కదా అత్తయ్యా, అందుకే జాగ్రత్తగా తెచ్చాను" అన్నాడు. ఆ ఒక్క మాట అనకుండా ఉంటే బాగుండేది. "వెళ్ళి భోజనం చెయ్యవయ్యా" అంది. అతను వెళ్ళాక ఒక సీసా తీసి ఫ్రీజర్‌లో పెట్టింది, ఈ పొద్దున్నే పక్కన నిలబెట్టి పోల్చుకోవడానికి.

ఎర్రదారం సీసాలో పైన ఏదో జరుగుతోంది. జరుగుతోందా? మెడ కింద వెంట్రుక మందంలో వెలుతురు వచ్చినట్టుంది. కళ్ళజోడు సర్దుకుంది. ఈ జబ్బులకి పేర్లు పెట్టినవాళ్ళు ఎవరో కానీ మంచం పక్కన కూర్చుని పెట్టారు. కంఠసర్పి. కంఠంలో పాకేది. గొంతులో బూడిదరంగు పొర పుట్టి, పాకి, గాలి దారిని మూసేస్తుంది. ధనుర్వాతం. వీపు విల్లులా వంగిపోయి తలా మడమలూ మాత్రమే పక్కకి ఆని ఉంటాయి. పేరు పెట్టినవాడు విల్లు అనడానికి ముందు ఎంతసేపు చూసి ఉంటాడు? కోరింత దగ్గు. కోరింత అంటే ఏమిటో అమ్మకి తెలీదు, ఆ చప్పుడు మాత్రం తెలుసు. అక్క గురించి చెప్పేటప్పుడు అమ్మ ఏడ్చేది కాదు, కూరగాయలు తరుగుతూ చెప్పేది, కత్తిపీట చప్పుడు ఆగకుండా. "మొదలైతే ఆగేది కాదే. ఒకదాని మీద ఒకటి, ఒకదాని మీద ఒకటి, మధ్యలో ఊపిరి తీసుకోడానికి సందిచ్చేది కాదు. అంతా అయ్యాక చివర్న పీల్చేది చూడు, అచ్చం కోడిపుంజు కూసినట్టు ఉండేది. మీ నాన్న మొదటిసారి విని నవ్వాడు." అక్క పోయాక నాన్న కోడి కూస్తే లేచి వెళ్ళిపోయేవాడు. ఎక్కడున్నా, ఎవరింట్లో ఉన్నా, తింటున్నవాడు తింటున్నట్టే లేచేవాడు. ఆమె చిన్నప్పుడు అది నాన్నకున్న అలవాటనుకునేది, కొందరు తుమ్మితే ఆగుతారు, అలాంటిదని. అక్కకి పది నెలలు. తను అప్పటికి పుట్టలేదు. చూడని అక్క. అమ్మ మాటల్లో తప్ప ఎక్కడా లేని అక్క. అయినా ఏ బిడ్డ దగ్గినా ముందు గుర్తొచ్చేది ఆ అక్కే, ఎప్పుడో చూసినట్టు, ఎత్తుకున్నట్టు.

చూడనివాళ్ళు గుర్తుండటం వింత కాదు. ఒంటికి ఆ విద్య ముందే తెలుసు. తనకి ఈ పని నేర్పిన డాక్టరమ్మ క్లాసులో సీసా ఎత్తి చూపించి, ఇందులో ఏముందనుకుంటున్నారు అని అడిగింది. మందు అన్నారు అందరూ. "రెండు పాముల కోరలు, ఒక దొంగ శవం" అంది డాక్టరమ్మ. కంఠసర్పి విషం, ధనుర్వాతం విషం, రెండిటినీ కోరల్లో పస లేకుండా చేసి పెట్టారు, కోరింత దగ్గు క్రిమిని ఏకంగా చంపి పెట్టారు. ఈ ముగ్గురినీ పటిక జాతి ఉప్పు రేణువుల మీద కూర్చోబెట్టి పిల్లాడి తొడలోకి పంపుతాం. ఒళ్ళు వచ్చి చూస్తుంది. ఎవర్రా మీరు అంటుంది. తిప్పి చూస్తుంది, మొహాలు గుర్తుపెట్టుకుంటుంది, అసలువాడు వచ్చిన రోజు గుమ్మంలోనే పట్టుకుంటుంది. "ఎంతకాలం గుర్తుంటుంది మేడమ్?" అని ఎవరో అడిగారు. "నీ మొగుడికి పెళ్ళిరోజు గుర్తున్నంతకాలం. మధ్యమధ్యలో నువ్వు గుర్తుచెయ్యాలి." క్లాసంతా నవ్వారు. ఆమె నవ్వలేకపోయింది. ఆ రోజు బస్సులో ఇంటికి వెళ్తూ తన చెయ్యి తనే చూసుకుంది. ఇప్పటికీ అంతే. కళ్ళజోడు ఎక్కడ పెట్టిందో గుర్తుండదు, నెత్తి మీదే ఉంటుంది. పొయ్యి మీద పాలు పెట్టి మర్చిపోతుంది. కానీ ఈ చర్మం కింద ఎక్కడో ఎప్పుడూ ఎదురుపడని మనిషి మొహాన్ని తలుచుకుంటూ ఒకడు మేలుకుని కూర్చున్నాడు. తను పడుకున్నా వాడు పడుకోడు. నెలన్నర పిల్లకి తల్లి మొహం ఇంకా సరిగ్గా ఆనదు, నవ్వితే గాలికి నవ్విందో మనకి నవ్విందో తెలీదు. ఆ పిల్ల ఒళ్ళు కూడా ఆ పాఠం నేర్చుకోగలదు. మందు బాగుంటే.

మందు గడ్డకడితే ఆ రేణువులు ఒకదాన్నొకటి పట్టుకుని ముద్దయిపోతాయి. మళ్ళీ కరిగించినా ముద్ద విడదు. బరువుకి కిందికి దిగుతాయి. ఎర్రదారం సీసాలో ఇప్పుడు సందేహం లేదు, దిగుతున్నాయి. పైన వేలు మందం నీళ్ళు, ఆ నీళ్ళలోంచి అవతలి గోడ మీది పగులు కనపడుతోంది. కింద తెల్లగా, మంచు పడుతున్నట్టు, చప్పుడు లేకుండా పడుతూనే ఉంది. తను చెడగొట్టిన మందు ఇంత అందంగా ఉండాలా? దారం లేని దాని వంక చూడటానికి ఆమె కొంచెం ఆగింది.

ఒకసారి ఆమె చీకటి గదిలో పనిచేసింది. ఉద్యోగంలో చేరిన కొత్తలో, పెద్దాసుపత్రిలో. ఆ గదికి కిటికీలు దుప్పట్లతో మూసేశారు, తలుపు సందుల్లో గుడ్డలు కుక్కారు, నర్సులంతా చెప్పులు బయట విడిచి లోపలికి వెళ్ళేవాళ్ళు. లోపల పుట్టి వారం దాటిన పిల్లాడున్నాడు, ధనుర్వాతం. బొడ్డు దేనితో కోశారో ఎవరూ చెప్పలేదు. చిన్న చప్పుడైతే చాలు, చెంచా కింద పడితే చాలు, వెలుతురు పడితే చాలు, వాడి ఒళ్ళు విల్లులా వంగిపోయేది. దవడ బిగుసుకుపోయి మొహం మీద నవ్వు లాంటిది ఉండిపోయింది. తల్లి పాలు పొంగి రవిక తడిసిపోతుంటే గోడకి ఆనుకుని నిలబడేది. వాణ్ణి ముట్టుకోనివ్వలేదు, ముట్టుకున్నా వంగిపోతాడని. ఎవరూ మాట్లాడేవాళ్ళు కాదు. అంతమంది ఉన్న గదిలో అంత నిశ్శబ్దం ఆమె మళ్ళీ ఎక్కడా వినలేదు. ఒకరోజు డ్యూటీకి వెళ్ళేసరికి దుప్పట్లు తీసేశారు, గదినిండా ఎండ పడుతోంది, ఎవరో నేల కడుగుతూ బకెట్టు ధబీమని పెట్టారు. ఆ చప్పుడుతోనే ఆమెకి అర్థమైంది. ఇప్పుడు కొత్తగా వచ్చే నర్సులకి ఆ గది గురించి చెప్తే, అలాంటి గది ఎక్కడ చూశారండీ అని అడుగుతారు. వాళ్ళు చూడలేదు. చూడకుండానే ఉద్యోగం చేసి రిటైరవుతారు. ఆ చీకటిని తలుచుకున్నప్పటికంటే ఈ మాట తలుచుకున్నప్పుడే ఆమెకి ఒళ్ళు ఎక్కువ జలదరిస్తుంది.

ఇప్పుడు దారం లేని సీసా. పాలే. పాలేనా? పైన కొంచెం తేలికైనట్టు ఉంది. లేదు. ఉంది. బయట కూతురి గొంతు వినిపిస్తోంది, పక్కావిడకి పిల్ల గురించి చెప్తోంది: "రోజంతా పడుకుంటుంది, నేను పడుకోగానే లేస్తుంది, ఎవరు చెప్తారో ఏమో దానికి." కూతురుండే వీధికి వెనక వీధిలో ఒక బిడ్డ కోరింత దగ్గుతో ఆసుపత్రిలో పడింది. మనవరాలి కంటే నెల పెద్దది. డోసు వేయిస్తే జ్వరం వస్తుందని ఆ తల్లి ఈ వారం కాదు వచ్చే వారం అంటూ జరిపింది. ఆ వీధిలో ఇంకెవరు దగ్గుతున్నారో తెలీదు. పెద్దవాళ్ళకి అది ఉత్త దగ్గు, దగ్గి మర్చిపోతారు, దగ్గుతూనే పసిపిల్లల్ని ఎత్తుకుంటారు. స్టోరు ఇవాళ సాయంత్రం మూస్తే వరసగా సెలవులు. మళ్ళీ పెట్టె రావాలంటే వచ్చే వారం. ఈలోగా ఎంతమంది వచ్చి పాప ఎవరి పోలిక అంటూ ఆ మొహం మీదికి వంగుతారు?

ఊపేసి సిరంజిలోకి తీస్తే ఇక ఏ కంటికీ తేడా తెలీదు. ఊపగానే రెండూ పాలే. ఆ ఆలోచన వచ్చి ముందు నిలబడింది. ఆమె దాన్ని తరమలేదు, ఎవరో బంధువు వచ్చినట్టు కాసేపు చూసింది. తనకి కావలసింది ఒకటే: ఇది పాలలా ఉండాలి. అంతగా కావాలనుకునే కన్ను ఏమైనా చూస్తుంది. నీళ్ళున్న చోట పాలు చూస్తుంది. ఇక ఈ కంటిని నమ్మకూడదు. తలుపు ఓరగా తీసి, నడవా తుడుస్తున్న ఆయాని పిలిచింది. మెల్లిగా నడవమంది. ఎర్రదారం కనపడకుండా రెండు సీసాల మెడలకీ దూది అడ్డం పెట్టింది, సీసాలు కదలకుండా, ఊపిరి బిగపట్టి. "ఇటు చూడు. ఏ సీసాలో నీళ్ళు ఎక్కువ తేరాయి?"

ఆయా చీపురు గోడకి ఆనించి, నడుం మీద చేతులు పెట్టుకుని వంగింది. ఎడమ కన్ను మూసి చూసింది, కుడి కన్ను మూసి చూసింది. ఏది ఏ సీసానో ఆయాకి తెలీదు, తెలియదనే పిలిచింది. "రెండూ ఒకటేగా అమ్మా" అంది ఆయా సంతోషంగా. "పైన ఎంత నీళ్ళుంటే అంత నీళ్ళు. కింద ఎంత ఉంటే అంత. కవలపిల్లల్లా ఉన్నాయి! పాసయినట్టేనా?"

ఆమె కుర్చీలో కూర్చుంది. ఎంతసేపు కూర్చుందో తెలీదు. బల్ల మీద రెండు సీసాల్లోనూ ఒకే ఎత్తున తెల్లని పొర, దాని మీద ఒకే ఎత్తున నీళ్ళు. మంచు పడటం ఆగిపోయింది. ఏది ముందు, ఏది వెనక అని చూస్తే ఇప్పుడు ఆమె కంటికీ కనపడటం లేదు. ఆ మందు ఎంత ఖచ్చితంగా చెప్పింది! అడిగింది అడిగినట్టు, మొహమాటం లేకుండా, అమ్మమ్మ అని చూడకుండా. మనుషులెవరూ తనతో ఇంత సూటిగా మాట్లాడరు. కోపం వస్తుందనుకుంది, రాలేదు. ఎవరో పెద్దవాళ్ళు గదిలో ఉన్నట్టు లేచి నిలబడింది. సీసాలు రెండూ తీసుకుని తలుపు తెరిచింది.

"ఇవాళ మందు పాడైంది" అంది. "వేయను."

ముందు ఎవరికీ అర్థం కాలేదు. తర్వాత అందరికీ ఒకేసారి అర్థమైంది. బట్టల మిల్లులో పనిచేసే ఆవిడ సగం షిఫ్టు మాని వచ్చింది, ఆవిడ లేచి దగ్గరికి వచ్చింది. "కొంచెం పాడైతే కొంచెం పనిచెయ్యదా సూదత్తా?"

"ఎంత పనిచేస్తుందో ఎవరూ చెప్పలేరు. నొప్పి మాత్రం మొత్తం పెడుతుంది. ఇంటికెళ్ళి వేయించేశామని నిశ్చింతగా ఉంటావు. అది ఇంకా ప్రమాదం. ఇదిగో, నువ్వే చూడు."

సీసాలు చేతులు మారాయి. తల్లులు ఒక్కొక్కరే వెలుతురుకి ఎత్తి చూశారు. చంకలో బిడ్డ అందుకోబోతే చెయ్యి దూరంగా పెట్టి చూశారు. ఒక ముసలావిడ చూసి, "విరిగిపోయాయిగా! పాలు విరిగితే ఇలాగే ఉంటుంది" అంది. అంతే, ఇంకెవరూ వివరం అడగలేదు. విరిగిన పాలు మళ్ళీ పాలవుతాయా అని అడిగేవాళ్ళు ఆ బెంచీల మీద లేరు. అల్లుడు గుమ్మం దగ్గర నిలబడి ఉన్నాడు. ఎప్పటినుంచి ఉన్నాడో. మొహం చూస్తే మొత్తం విన్నట్టుంది.

"నా వల్లేనా అత్తయ్యా?"

"ఐసు వల్ల."

"ఐసు పెట్టింది నేనేగా."

"నువ్వే. ఇప్పుడు ఫోన్ చేసి పెట్టె పాడైందని నేనే చెప్తాను, స్టోరాయన నిన్నూ నన్నూ కలిపి దులిపేస్తాడు. దులపనీ. మూసే లోపు వెళ్ళి ఇంకో పెట్టె తేగలవా?"

అతను భార్య దగ్గరికి వెళ్ళి పాప పాదం ఒకసారి పట్టుకుని వదిలి, పరిగెత్తాడు. వ్యాన్ వీధి మలుపు తిరిగిన చప్పుడు అందరూ విన్నారు. "తెస్తాడో తేడో, మీ ఇష్టం, ఇంటికి వెళ్ళేవాళ్ళు వెళ్ళండి, మళ్ళీ కబురు చేస్తాను" అంది. కూతురు పిల్లని భుజం మార్చుకుంది. "నువ్వు వెళ్ళమంటే వెళ్తానమ్మా."

"నేనేం అనను."

"అయితే కూర్చుంటా."

కూతురు కూర్చుంది. మిల్లు ఆవిడ ఫోన్ తీసి ఎవరితోనో రెండో సగం షిఫ్టు గురించి మాట్లాడి, ఏం సమాధానం వచ్చిందో ఎవరికీ చెప్పకుండా కూర్చుంది. తర్వాత ఎవరూ లేవలేదు. ఆమె గుమ్మానికి ఆనుకుని వాళ్ళని చూసింది. వీళ్ళలో ఒక్కరూ గొంతులో ఆ పొర చూడలేదు, ఆ విల్లు చూడలేదు, ఆ దగ్గు వినలేదు. చూసినవాళ్ళు రావడంలో వింత లేదు, భయం లాక్కొస్తుంది. వీళ్ళని ఏది లాక్కొచ్చింది? ఎవరో ఒక ముసలిది చెప్పింది, ఆ ముసలిదానికి ఇంకో ముసలిది చెప్పింది, చివరికి మిగిలింది ఒక మాట: వేయించాలి. ఆ మాట మీద పని మానుకుని, ఆకలి చంపుకుని, బిడ్డ ఏడుస్తుందని తెలిసి కూడా ఆ బిడ్డనే ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నారు. బిస్కెట్ల పొట్లం ఒకటి బెంచీ ఈ చివర నుంచి ఆ చివరకి వెళ్ళి ఖాళీగా తిరిగొచ్చింది. ఒకావిడ నిద్రపోతే ఆవిడ బిడ్డని పక్కావిడ ఎత్తుకుంది, ఆవిడకి చెయ్యి నొప్పెడితే ఆ పక్కావిడ ఎత్తుకుంది. కాసేపటికి ఏ బిడ్డ ఎవరిదో చెప్పడం కష్టమైంది.

ఎండ వాలాక వ్యాన్ వచ్చింది. అతను పెట్టె ఆమె చేతికిచ్చి పక్కన నిలబడ్డాడు. ఆమె మూత తీసి సీసాలు ఒక్కొక్కటీ ముట్టుకుని చూసింది. చల్లగా ఉన్నాయి, తడిగా ఉన్నాయి. వెలుతురుకి ఎత్తి ఊపి చూసింది. చేతులు కడుక్కుంది. వచ్చిన వరస ప్రకారం పిలిచింది. మిల్లు ఆవిడ బిడ్డ. ముసలావిడ తెచ్చిన మనవడు. ఇంకొకరు. తర్వాత కూతురు పాపని ఒళ్ళో పడుకోబెట్టుకుని లాగు పైకి జరిపింది. తొడ ఆమె రెండు వేళ్ళంత ఉంది. తుడిచింది, పట్టుకుంది, గుచ్చింది, మందు మొత్తం వెళ్ళేదాకా ఉంచి తీసింది.

పాప నోరు తెరిచింది. చప్పుడు లేదు. మొహం ఎర్రబడింది, కళ్ళు మూసుకుపోయాయి, గుప్పిళ్ళు బిగిశాయి, ఇంకా చప్పుడు లేదు. ఇది ఆమెకి కొత్త కాదు. సూది పడ్డ పసిపిల్లలు ఇలా ఊపిరి బిగపట్టి కాసేపు ఆగుతారు, లోకం తమని ఏం చేసిందో తేల్చుకోలేనట్టు. ఇన్నేళ్ళలో ఆ కాసేపట్లో ఆమె ఏ బిడ్డ దగ్గరా వేరే పని చేయలేదు. దూది ఒత్తిపట్టుకుని ఆ తెరిచిన నోట్లోకి చూస్తుంది. ఇప్పుడూ చూసింది. లోపలంతా ఎరుపు. నాలుక వెనక కొండనాలుక, దాని వెనక చీకట్లోకి వెళ్ళే దారి, ఆ దారికి ఏదీ అడ్డం లేదు.

"ఏడవదేంటి అత్తయ్యా?" అన్నాడు అల్లుడు గుమ్మంలోంచి.

"ఆగవయ్యా."

ఆగారు. కూతురు ఆమె మొహం చూస్తోంది, ఆమె పాప నోరు చూస్తోంది. ఛాతీ పైకి లేచింది. గాలి లోపలికి వెళ్ళడం కనిపించింది. అప్పుడొచ్చింది ఏడుపు, అంత చిన్న ఒంట్లో ఎక్కడ పట్టిందో అర్థం కానంత ఏడుపు, గది దాటి నడవా దాటి వీధిలోకి. బెంచీ మీద నిద్రపోతున్న బిడ్డ ఉలిక్కిపడి తనూ అందుకుంది. దాని పక్కది అందుకుంది. అప్పటికి ఊరుకున్న మిల్లు ఆవిడ బిడ్డ మళ్ళీ మొదలుపెట్టింది. గదిలో, నడవాలో, గుమ్మం అవతల, ఎంతమంది ఉంటే అంతమందీ గొంతులు తెరిచి గాలి పీలుస్తున్నారు, వదులుతున్నారు. కూతురు ఏదో అడుగుతోంది. పెదాలు కదలడం కనిపిస్తోంది. సూదత్తకి ఒక్క ముక్క వినపడటం లేదు.